ఐదింటి నీళ్ళు, ఏడున్నర నీళ్ళు

1997 జూన్‌లో కళాశాల తెరిచిన రెండో రోజున ప్రిన్సిపాల్ గారు నన్ను తన గదికి పిలిపించి ఒక పని అప్పగించారు. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా నేను విజయవాడలోని ఒక మహిళా కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. లెక్చరర్‌గా చేరి రీడర్‌నయ్యాను. మాది అటానమస్ కళాశాల. డిగ్రీ ఇచ్చేది విశ్వవిద్యాలయమే అయినా ఏ పాఠం చెప్పాలో, ఎలా పరీక్షించాలో కళాశాలే నిర్ణయించుకోవచ్చు. అయితే ఆ నిర్ణయం రెండు మెట్లు ఎక్కాలి. మొదటిది ఆయా శాస్త్రాల అధ్యాపకులు కూర్చునే బోర్డ్ ఆఫ్ స్టడీస్. దాని పైన అకడమిక్ కౌన్సిల్. రెండింటిలోనూ విశ్వవిద్యాలయం పంపిన సభ్యుడు ఒకరుంటారు. ఆయన ఒప్పుకోకపోతే ఎంత మంచి పాఠమైనా ఫైల్లోనే ఉండిపోతుంది.

"మూడో సంవత్సరం బియస్సీ పిల్లలకు ఒక ఎలెక్టివ్ తయారు చేయండి. ఊళ్ళోవాళ్ళకు పనికొచ్చే పని చేస్తూ అందులోనే సబ్జెక్టు నేర్చుకోవాలి. క్రెడిట్లుండాలి, మార్కులుండాలి. శిబిరం మాత్రం వద్దండీ," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

శిబిరం వద్దని ఆవిడ ఎందుకన్నారో నాకు తెలుసు. అంతకుముందు ఆరేళ్ళు సేవా శిబిరాలకు పిల్లల్ని తీసుకెళ్ళింది నేనే. పది రోజులు ఒక పల్లెలో ఉండి, వీధులు ఊడ్చి, బడి గోడకు సున్నం కొట్టి, చివరి రోజు సర్పంచ్ గారితో ఫోటో దిగి వచ్చేవాళ్ళం. పిల్లలు సంతోషంగానే ఉండేవారు. కానీ తిరిగొచ్చాక ఏం నేర్చుకున్నారని అడిగితే కలిసి వంట చేయడం నేర్చుకున్నామనేవారు. రసాయనశాస్త్రం ఊసే ఉండేది కాదు.

అంశం ఎంచుకోవడం కష్టం కాలేదు. తాగే నీరు అనుకున్నాను. మా ప్రయోగశాలలో ఉన్న సరంజామాతో చేయగల పరీక్షలు రెండున్నాయి. ఒకటి క్లోరిన్ పరీక్ష. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు తీసుకుని ఒక మందు రెండు చుక్కలు వేస్తే, నీటిలో క్లోరిన్ మిగిలి ఉన్నకొద్దీ పసుపు రంగు ముదురుతుంది. అసలు రంగు రాకపోతే ఆ నీటిలో క్రిముల్ని ఆపే శక్తి లేదని అర్థం. రెండోది మేము ‘నల్లసీసా’ అని పిలుచుకునే పరీక్ష. మందులో తడిపి ఆరబెట్టిన కాగితం ముక్క ఉన్న చిన్న సీసాలో గీత వరకు నీళ్ళు పోసి, మూత బిగించి, వెచ్చగా ఉండేచోట పెట్టాలి. మురుగు కలిసిన నీరైతే ఒక రోజులో సీసా అంతా నల్లగా మారుతుంది. మంచి నీరైతే మందు రంగులోనే ఉండిపోతుంది. ఇంటర్ చదివిన పిల్ల వారం రోజుల్లో రెండూ నేర్చుకోగలదు.

అసలు చిక్కంతా గంటల దగ్గర వచ్చింది. మూడు క్రెడిట్ల పాఠానికి తరగతి పదిహేను గంటలు, ప్రయోగశాల పదిహేను గంటలు, బయట పని ముప్పై గంటలు వేశాను. ఈ ముప్పై గంటలు టైంటేబుల్లో ఎక్కడ పెట్టాలి? మా పిల్లల్లో గుడివాడ వైపు నుంచి పొద్దున పాసింజరుకు వచ్చి సాయంత్రం దానికే వెళ్ళేవాళ్ళున్నారు. మైలవరం బస్సు తప్పిపోతే ఇల్లు చేరలేనివాళ్ళున్నారు. ఇంటికెళ్ళి వంట చేయాల్సినవాళ్ళూ ఉన్నారు. శుక్రవారం రెండు నుంచి ఐదు అని రాస్తే సగం మంది చేరరు. చేరినవాళ్ళు బస్సు టైమైందని మధ్యలోనే లేచిపోతారు. నాలుగు వారాలు కుస్తీపట్టి చివరకు ఒక వాక్యం రాశాను. బయట పని ఎక్కడ, ఏ రోజు, ఏ వేళ చేయాలన్నది విద్యార్థినే నిర్ణయించుకోవచ్చు. చేసిన గంటలు ఒక పుస్తకంలో రాసి, ఆ వీధిలో ఉండే పెద్దవారు ఎవరైనా ఒకరితో సంతకం పెట్టించుకుంటే చాలు.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఈ వాక్యం మీద గంటన్నర చర్చ జరిగింది. హాజరు ఎవరు తీస్తారని ఒకరు, పిల్లలు ఇంట్లో కూర్చుని అంకెలు రాసేస్తే ఎవరు పట్టుకుంటారని మరొకరు అడిగారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. నేను చెప్పగలిగిన జవాబు ఒక్కటే. చివర్లో బయటి నుంచి వచ్చే పరీక్షాధికారి ప్రతి పిల్లనూ నివేదిక ముందు పెట్టుకుని ప్రశ్నలడుగుతారు, అరవై మార్కులు ఆయన చేతిలోనే ఉంటాయి. విశ్వవిద్యాలయ సభ్యుడు చాలాసేపు ఆలోచించి ఒక ఏడాది ప్రయోగాత్మకంగా నడపమన్నారు. ఆ పరీక్షాధికారి ఇచ్చే నివేదిక చూశాక ఉంచాలా తీసేయాలా అన్నది కౌన్సిల్ తేలుస్తుందని మినిట్స్‌లో రాయించారు.

మొదటి ఏడాది ఇరవై రెండు మంది చేరారు. మైలవరం వైపు పిల్లలు తమ ఊళ్ళ బోరింగులు పరీక్షించుకున్నారు. నగరంలో ఉండేవాళ్ళకు వన్ టౌన్‌లో నాలుగు వీధులు ఇచ్చాను. వీళ్ళు దాదాపు అందరూ ఆదివారాలు కలిసి వెళ్ళేవారు. కళాశాల బస్సు బెంజ్ సర్కిల్ దగ్గర ఏడు గంటలకు వాళ్ళను ఎక్కించుకుని ఏడున్నరకు వన్ టౌన్‌లో దింపేది. వాళ్ళకు నాయకురాలు పద్మజ. చురుకైన పిల్ల, తరగతిలో మొదటి మార్కు ఆమెదే.

నగరం పిల్లల్లో ఆ బస్సులో రానిది రెహానా ఒక్కతే. ఆమె ఇల్లు మేము ఎంచుకున్న నాలుగు వీధుల్లో ఒకదాని చివర ఉంది. తండ్రి మస్తాన్ గారు ఇత్తడి పాత్రలకు కళాయి పూసే పని చేసేవారు. తల్లికి కీళ్ళవాతం. ఇంటి పని, వంట రెహానా చూసుకుని తొమ్మిదిన్నరకు కళాశాలకు బయల్దేరేది. ఈ ఎలెక్టివ్‌లో చేరేముందు ఆమె నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఏ టైమైనా పర్లేదని రాశారు కదండీ, పొద్దున్నే ఐదింటికి చేసుకోవచ్చా?" అని అడిగింది. ఎందుకని అడిగితే, "ఐదింటికి మా వీధికి పంపులొస్తాయండీ. ఎలాగూ లేస్తాను," అంది. చేసుకోమన్నాను. తర్వాత ఒకసారి ఫారం చూపించి, ఇందులో టైము రాయడానికి గడి లేదు, ఎక్కడ రాయమంటారని అడిగింది. తేదీ ఉంటే చాలన్నాను. ఆ ఫారం గీసింది నేనే. తేదీ, వీధి, ఇంటి నంబరు, క్లోరిన్, సీసా రంగు అని ఐదు గడులు పెట్టాను. అవి సరిపోతాయనుకున్నాను.

1998 ఫిబ్రవరి ఆఖరుకు నివేదికలు వచ్చాయి. ఇరవై రెండింటినీ నేను సంతకం చేసి పంపాను. ఒక్కొక్కటిగా చదివానే గాని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. ఆ పని పరీక్షాధికారి చేశారు.

ఆయన విశ్లేషణాత్మక రసాయనశాస్త్రంలో పెద్ద ప్రొఫెసరు. రిటైర్మెంటుకు రెండేళ్ళున్నాయి. ప్రాజెక్టు నివేదికల పేరుతో జిరాక్సు కాపీలు దిద్ది దిద్ది విసిగిపోయిన మనిషి. మార్చి రెండో వారంలో ఒక సోమవారం వచ్చి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పద్నాలుగు మందిని ప్రశ్నించారు. భోజనం తర్వాత రెండు నివేదికలు పక్కపక్కన పెట్టి నన్ను పిలిచారు.

"ఇది చూడండి మేడమ్. ఒకే వీధి, అవే ఇంటి నంబర్లు, అదే నెల. పద్మజ రాసినదాంట్లో అన్ని కుళాయిల్లోనూ క్లోరిన్ ఉంది, సీసా ఒక్కటీ నల్లబడలేదు. ఈ అమ్మాయి రాసినదాంట్లో చివరి ఐదిళ్ళలో క్లోరిన్ సున్నా, ప్రతి సీసా నలుపే. ఒకే కుళాయికి రెండు రకాల నీళ్ళు రావు కదండీ. ఈ రెండిట్లో ఒకటి ఇంట్లో కూర్చుని రాసింది."

రెండింట్లో ఏది అన్నదానికి ఆయన దగ్గర కారణాలున్నాయి. పద్మజ పుస్తకంలో మూడు రకాల సిరాలు, కొట్టివేతలు, చివర ఆ వీధిలోని దుకాణదారు తెలుగు సంతకం ఉన్నాయి. రెహానా పుస్తకం మొదటినుంచి చివరిదాకా ఒకే సిరాతో, ఒక్క కొట్టివేతా లేకుండా ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. సంతకం ఉర్దూలో ఉంది. అది ఎవరిదో ఆయనకు తెలియలేదు, నాకూ చదవడం రాదు.

రెహానాను పిలిచారు. ఆమె లోపలికి వచ్చి నిలబడింది. ప్రొఫెసరు గారు మర్యాదగానే అడిగారు. ఆమె జవాబులు తడబడకుండా చెప్పింది. సీసాలో మందు ఏమిటి, నలుపు ఎందుకు వస్తుంది, వెచ్చగా ఎక్కడ ఉంచావంటే అన్నీ చెప్పింది. సీసాలను పొయ్యి పక్క గూట్లో పెట్టిందట. చివరికి ఆయన, "అమ్మా, ఈ ఫలితాలు నిజంగా నీవేనా?" అని సూటిగా అడిగారు.

అప్పుడామె మొహం కందిపోయింది. "నేను ఇంట్లో కూర్చుని రాయలేదండీ. అది ఫెయిర్ కాపీ. నా రఫ్ అంతా ఇంట్లో ఉంది. సంతకం మా చివరింటి హలీమా ఖాలాదండీ, మాకు పిన్ని వరస. పిల్లలకు ఖురాన్ చెప్తారు. ఆవిడకి తెలుగు రాయడం రాదు," అంది. తర్వాత నా వైపు చూసింది.

ఆమెను బయటకు పంపాక ప్రొఫెసరు గారు పరిస్థితి వివరించారు. బుధవారం సాయంత్రం మార్కుల జాబితా కవరులో పెట్టి సీలు వేసి పరీక్షల కంట్రోలర్‌కు ఇవ్వాలి. అంతలోగా ఇది తేలకపోతే కల్పిత ఫలితాలు అని రాయక తప్పదు. అలా రాస్తే విషయం మాల్‌ప్రాక్టీస్ కమిటీకి వెళుతుంది. ఆ అమ్మాయికి ఆ ఏడాది డిగ్రీ చేతికి రాదు. గంటలు విద్యార్థులకు వదిలేసిన పాఠంలో మొదటి ఏడాదే ఇలా జరిగిందని ఆయన నివేదికలో ఉంటే, కౌన్సిల్ ఏం చేస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. "నాకేం సరదా కాదండీ. మీరు వేరే దారి చూపిస్తే వింటాను," అన్నారు.

నేను రెహానాను ఆటో ఎక్కించుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వన్ టౌన్ బజారు దాటాక బళ్ళ మధ్య ఆటో కదలక, చివరి రెండు సందులు నడిచాం. ఆమె ఇంట్లో గోడకున్న సంచిలోంచి ఒక కట్ట తీసి నా చేతిలో పెట్టింది. గోడ క్యాలెండరు కాగితాలు. రోజుకొకటి చింపేసే రకం. ప్రతి కాగితం వెనకా ఆ రోజు తాను తీసిన నీటి వివరాలు పెన్సిలుతో రాసుకుంది. ముందువైపు తేదీ అచ్చయి ఉంది. ఇంటి నంబరు పక్కన ఆ కుళాయిలో నీళ్ళు మొదలైన వేళ అన్నిచోట్లా ఒకే రకం మాటల్లో ఉంది. మసీదులో తెల్లవారుజామున ఇచ్చే ప్రార్థన పిలుపే ఆమెకు గడియారం. ‘అజాన్ ముందు’, ‘అజాన్ అవుతుండగా’, ‘అజాన్ కాగానే’.

అక్కడ గుమ్మంలో నిలబడే నాకు సగం విషయం అర్థమైంది. ఆమె ప్రతిరోజూ కుళాయి తిప్పిన మొదటి నీళ్ళే పట్టింది. పద్మజ బృందం ఏడున్నర తర్వాత పట్టింది. కుళాయి ఒకటే, వేళ వేరు. ఆ వేళ రాయడానికి ఆ పిల్ల చోటు అడిగితే అక్కర్లేదన్నది నేను.

"ఇవి వైవాకు ఎందుకు తేలేదమ్మా?" అన్నాను.

"క్యాలెండరు కాగితాలు తెస్తే బాగోదనుకున్నానండీ," అంది.

మస్తాన్ గారు అప్పుడే పని నుంచి వచ్చారు. కాళ్ళు కడుక్కుని వచ్చి విషయం విన్నారు. ఆయనకు కోపం వచ్చింది గాని నా మీద కాదు. "మన గల్లీ నీళ్ళు చెడ్డవని కాలేజీలో రాశావా? నాకెందుకు చెప్పలేదు?" అని కూతుర్ని అడిగారు. ఆమె తల వంచుకుని, "నలుపొచ్చిన దగ్గర్నుంచీ అమ్మీకి కాచిన నీళ్ళే ఇస్తున్నా కదా అబ్బాజాన్," అంది. చలికాలంలో ఆ చివరి ఇళ్ళలో ఇద్దరికి కామెర్లు వచ్చాయని కూడా అప్పుడే తెలిసింది. ఆయన నన్ను కుర్చీలో కూర్చోమని చెప్పి ఆ కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూశారు.

అక్కడినుంచి ప్రొఫెసరు గారు బస చేసిన అతిథి గృహానికి వెళ్ళి కాగితాలు చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఐదారు కాగితాలు చదివారు. "అజాన్ ఎన్నింటికి?" అన్నారు. ఐదు దాటాక అన్నాను. "నీళ్ళు?" ఐదుకే అన్నాను. "అయితే రేపు ఐదింటికి ముందే అక్కడుందాం. సీసాలు మాత్రం నేనే సీలు వేస్తాను," అన్నారు.

మంగళవారం తెల్లవారుజామున ఆ వీధిలో మేము నలుగురం నిలబడ్డాం. ప్రొఫెసరు గారు, నేను, రెహానా, పద్మజ. పద్మజను నేనే రమ్మన్నాను. రాత్రంతా నిద్రపోలేదని ఆమె కళ్ళు చెబుతున్నాయి. తనదే అబద్ధమంటారేమోనని ఆమె భయం. చివరి ఐదిళ్ళలోనూ బిందెలు అప్పటికే కుళాయిల కింద ఉన్నాయి. అంత తొందరెందుకని ప్రొఫెసరు గారు అడిగితే హలీమా ఖాలా గారు చెప్పారు. "ఆరింటికల్లా ముందిళ్ళవాళ్ళు మోటార్లు వేస్తారండీ. ఇక మా దాకా చుక్క రాదు. మళ్ళీ ఏడు దాటాక వాళ్ళు మోటార్లు కట్టేస్తే సన్నగా వస్తాయి. అవి గిన్నెలకీ బట్టలకీ. తాగేవి మాత్రం వచ్చీరాగానే పట్టేసుకోవాలి."

ఇంత ముఖ్యమైన సంగతి మా ఇరవై రెండు నివేదికల్లో ఎక్కడా లేదు. ఆ చివరి ఇళ్ళవాళ్ళు తాగేది మొదటి నీళ్ళు. మిగతా పిల్లలు పరీక్షించింది వాళ్ళు బట్టలుతుక్కునే నీళ్ళు.

కుళాయి గుడగుడమంది. రెహానా గాజు గొట్టం పట్టుకుని మొదటి నీళ్ళు తీసి ప్రొఫెసరు గారికిచ్చింది. ఆయన తానే మందు వేసి, టార్చిలైటు వెలుగులో పైకెత్తి చూశారు. రంగు రాలేదు. ఐదిళ్ళలోనూ అంతే. పావుగంట తర్వాత మళ్ళీ తీస్తే లేత పసుపు వచ్చింది. ఏడున్నరకు పద్మజ చేత తీయించారు. నిమ్మపండు రంగు వచ్చింది. ప్రతిసారీ నల్లసీసా కూడా ఒకటి నింపి, మూత మీద కాగితం అంటించి ఆయన సంతకం పెట్టారు.

"మేడమ్, అయితే మాది తప్పు కాదా అండీ?" అని పద్మజ నెమ్మదిగా అడిగింది. కాదన్నాను. ప్రొఫెసరు గారు, "మీ ఇద్దరిదీ నిజమేనమ్మా. ఇంకా సీసాలు చూడాలనుకో," అన్నారు. పద్మజ వెళ్ళి రెహానా పక్కన అరుగు మీద కూర్చుంది. నిన్నటి నుంచి ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఇప్పుడు రెహానా కొంచెం జరిగి చోటిచ్చింది.

కారణం కనిపెట్టింది మస్తాన్ గారు. మేము సీసాలు నింపుతుంటే ఆయన కాలువ వెంట వంగి నడుస్తూ వెళ్ళారు. ఐదిళ్ళవాళ్ళూ కలిసి చాలా ఏళ్ళ క్రితం సొంతంగా వేయించుకున్న ఇనప గొట్టం ఒకటి వీధి మురుగు కాలువలోంచి పోతోంది. ఆయన చేతిలోని పటకారుతో దాన్ని అక్కడక్కడా కొట్టి శబ్దం విన్నారు. ఒకచోట ఆగి పటకారు మొనతో గీరితే పెచ్చు ఊడి, నీళ్ళు సన్నగా చిమ్మాయి.

"ఇదిగో సార్. పైకి బాగానే ఉంది. లోపల ఇనుమే లేదు," అన్నారు. తర్వాత, "ఈ గొట్టం నేనే దగ్గరుండి వేయించానండీ. లోహం పని తెలిసినవాణ్ణని నాకప్పగించారు," అన్నారు. అప్పుడు ఆయన కూతురివైపు చూడలేదు.

"ఇన్నేళ్ళు మురుగులో ఉంటే ఏ లోహమైనా అంతేనండీ. రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి, నా మాట నమ్మండి," అన్నారు ప్రొఫెసరు గారు. ఆయన గొంతులో అంత మెత్తదనం సోమవారం నేను వినలేదు.

జరుగుతున్నదేమిటో ఆయనే అక్కడున్నవాళ్ళకు విడమరిచి చెప్పారు. నీళ్ళు ఆగిపోయిన వేళ గొట్టం ఖాళీగా ఉంటుంది. ఆ చిల్లుల్లోంచి మురుగు లోపలికి ఊరుతుంది. పొద్దున నీళ్ళు వదలగానే ఆ మురుగంతా ముందు కొట్టుకొస్తుంది. తర్వాత గొట్టం నిండి ఒత్తిడి పెరిగితే నీళ్ళు బయటికి చిమ్ముతాయి గాని మురుగు లోపలికి రాదు. ఏడు దాటాక మళ్ళీ వచ్చే నీళ్ళూ కాసేపటికి గొట్టాన్ని కడిగేస్తాయి. అందుకే ఏడున్నర నీళ్ళు శుభ్రం. కామెర్లకు ఇదే కారణమని మాత్రం మేము చెప్పలేదు. అది చెప్పగల పరీక్ష మా దగ్గర లేదు. గొట్టం మార్చేదాకా తాగే నీళ్ళు కాచుకోమని చెప్పాం. హలీమా ఖాలా గారు మాకు టీ తెచ్చి, "మరగబెట్టినవేనండీ, భయపడకండి," అంటే అందరం నవ్వాం. రెహానా కూడా నవ్వింది.

బుధవారం పొద్దున పది గంటలకు మా ప్రయోగశాలలో సీసాలు బల్ల మీద వరసగా పెట్టారు. ఐదింటి సీసాలు ఐదూ తారులా నల్లగా ఉన్నాయి. పావుగంట తర్వాతివాటిలో రెండు నల్లబడ్డాయి. ఏడున్నర సీసాలు ఒక్కటీ రంగు మారలేదు. ప్రొఫెసరు గారు తన సంతకాలు సరిచూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య," అన్నారు. ఆ మాట నేననాల్సింది, ఆయనే ముందన్నారు. ఆయన కూడా ఆ రెండు రోజులు ఒక పిల్ల చదువు చేతిలో పెట్టుకుని తిరిగారని నాకప్పుడు తట్టింది. నేను బయటకు వెళ్ళి వరండాలో ఉన్న ఇద్దరమ్మాయిలకూ చెప్పాను. రెహానా గోడకు ఆనుకుంది. పద్మజ ఆమె చెయ్యి పట్టుకుంది. నా మటుకు నేను స్టాఫ్‌రూములోకి వెళ్ళి, సోమవారం మధ్యాహ్నం నుంచి సరిగా తినలేదని గుర్తొచ్చి, డబ్బాలోని పులిహోర మొత్తం తినేశాను.

ఆ సాయంత్రం సీలు వేసిన జాబితాలో రెహానాకు అరవైకి యాభై మూడు, పద్మజకు నలభై తొమ్మిది వచ్చాయి. అక్షరాలకు కాదు, పొయ్యి పక్క గూటికి వేశానన్నారు ప్రొఫెసరు గారు. కౌన్సిల్‌కు పంపిన నివేదికలో ఆయన రెండు విషయాలు రాశారు. విద్యార్థినుల పని నమ్మదగినదనీ, పాఠాన్ని కొనసాగించాలనీ మొదటిది. ఫారం లోపభూయిష్టంగా ఉందనీ, నీరు తీసిన గంట నమోదు చేసే గడి లేకపోవడం వల్ల ఒక విద్యార్థిని అన్యాయంగా దోషి కావలసివచ్చేదనీ రెండోది. ఆ రెండో విషయం కౌన్సిల్‌లో నేనే చదివి వినిపించాను. ఆ ఫారం తయారుచేసింది నేనేనని కూడా చెప్పాను. పాఠం శాశ్వతంగా ఆమోదం పొందింది.

గొట్టాన్ని ఏప్రిల్‌లో ఆ ఐదిళ్ళవాళ్ళు మార్పించారు. ఈసారి కాలువకు పైన, గోడ వెంట వేయించారు. దగ్గరుండి వేయించింది మళ్ళీ మస్తాన్ గారే. మే నెలలో పరీక్షలయ్యాక రెహానా ఎవరూ అడగకుండానే నా దగ్గర పది సీసాలు తీసుకెళ్ళి, పొద్దున్నే మొదటి నీళ్ళు పట్టి, మూడో రోజున తెచ్చి చూపించింది. పదింటిలో ఒక్కటీ నల్లబడలేదు. తర్వాత ఆమె బియిడి చేసి ఉపాధ్యాయురాలైంది. నేను 2009లో పదవీ విరమణ చేసేదాకా ఆ పాఠం నడిచింది. చివరి సంవత్సరాల్లో సముద్రం ఒడ్డు జాలరి పల్లెల నుంచి వచ్చిన పిల్లలు తమ ఊళ్ళ చెలమల మీద పని చేశారు. వాళ్ళ ఫారాల్లో గంట గడితో పాటు, ఈ నీళ్ళు దేనికి వాడతారు, ఎవరు పట్టుకుంటారు అని మరో రెండు గడులుండేవి.

ఈ సంఘటన నాకు నేర్పింది రెండే విషయాలు. విద్యార్థికి వేళను వదిలేస్తే, ఆ వేళను రాసుకునే చోటు కూడా ఇవ్వాలి. లేకపోతే మనమిచ్చిన స్వేచ్ఛే ఆమె మీద అనుమానంగా మారుతుంది. రెండోది గ్రహించడానికి నాకు ఇంకొంత కాలం పట్టింది. పొద్దున ఐదింటికి ఆ వీధి చివర జరిగేది ఏ కళాశాల బస్సుకూ కనిపించదు. అక్కడ ఉండగలిగింది ఇంటి పని వల్ల వేరే వేళకు రాలేని విద్యార్థిని మాత్రమే. నియమావళిలో వేళల వాక్యాన్ని నేను మొదట ‘మినహాయింపులు’ అన్న శీర్షిక కింద రాశాను. మరుసటి ఏడాది దాన్ని అక్కడినుంచి తీసి ‘పని పద్ధతి’ కింద చేర్చాను. నేను దిగిపోయేదాకా ఆ వాక్యం అక్కడే ఉంది.